పాత కారు కిటికీ గాడికి కొత్త ఫెల్ట్ ఛానెల్: కొలతల నుంచి నీళ్ల పరీక్ష దాకా

తలుపు వేయగానే అద్దం గలగలమంటుంది. హ్యాండిల్ తిప్పితే సగం దాకా తేలిగ్గా వచ్చి, ఆ పైన మొండికేస్తుంది. ఈ రెండూ ఒకే తలుపులో కనబడితే చాలామంది అద్దాన్ని పైకీ కిందికీ నడిపే విండో మెషిన్ పోయిందనుకుని ముందు దాన్నే మార్చేస్తారు. కొన్నాళ్లకు కొత్త మెషిన్ కూడా మూలగడం మొదలుపెడుతుంది. లోపం మెషిన్‌లో లేదు, అద్దం నడిచే దారిలో ఉంది.

ఆ దారి అంటే తలుపు ఫ్రేములో ఉండే గాడి. యు ఆకారంలో మడిచిన పల్చటి రేకు, దాని లోపల నూగు ఉన్న ఫెల్ట్ (మెత్తటి మందపాటి బట్ట) అస్తరు. దీన్నే ఫెల్ట్ ఛానెల్ అనీ, రన్ ఛానెల్ అనీ అంటారు. అద్దం ఎప్పుడూ రేకుకి తగలకుండా ఈ నూగు మీదే జారుతుంది. వాన నీటినీ గాలి మోతనీ చాలావరకు ఆపేది కూడా ఇదే. పాత కారు పనుల్లో ఇంజిన్‌కీ పెయింట్‌కీ దక్కే శ్రద్ధలో పదో వంతు కూడా దీనికి దక్కదు. కారులో కూర్చున్న మనిషికి మాత్రం రోజూ తేడా తెలిసేది ఇక్కడే.

ముందు వేలు పెట్టి చూడండి

అద్దం పూర్తిగా దించి, గాడిలో చూపుడు వేలు పెట్టి పై నుంచి కిందికి మెల్లగా లాగండి. బాగున్న ఫెల్ట్ అంతటా ఒకేలా మెత్తగా తగులుతుంది. పాడైనదైతే ఒకచోట అట్టలా బిగుసుకుపోయి ఉంటుంది, ఇంకోచోట నూగంతా పోయి బట్ట నున్నగా ఉంటుంది, మరోచోట ఇసుక గరగరలాడుతుంది. గోరుతో గీరితే గోధుమరంగు పొరలు రాలతాయి. ఆ పొరల్లోనే అసలు విషయం ఉంది. ఫెల్ట్ తడిని పట్టి ఉంచుతుంది, వెనకున్న రేకు తుప్పు పడుతుంది. తుప్పు ఎప్పుడూ అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి, అది ఉబ్బి ఫెల్ట్‌ని అద్దం మీదికి నెడుతుంది. తుప్పు ఉబ్బిన చోట అద్దం బిగుస్తుంది, నూగు అరిగిన చోట వదులవుతుంది. అందుకే ఒకే తలుపు గలగలలాడుతుంది, మొరాయిస్తుంది కూడా.

1959లో వచ్చిన తొలి మినీ కార్లలో తలుపు అద్దాలు పైకీ కిందికీ కాకుండా పక్కకి జరిగేవి. వాటి కింది గాడిలో నీళ్లు నిలిచి, ఫెల్ట్‌లో నాచు మొలవడం ఆ కార్లున్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. ఫెల్ట్ ఎంత నీరు పట్టి ఉంచుతుందో ఆ పచ్చటి గాడిని చూస్తే అర్థమవుతుంది.

అద్దం మీద నిలువు గీతలు కూడా చూసుకోండి. ఫెల్ట్‌లో ఇరుక్కున్న ఇసుక చేసే పని అది. గోరు తట్టుకునేంత లోతు గీతలు పాలిష్‌తో తేలిగ్గా పోవు. ఛానెల్ మార్చడం వాయిదా వేసినన్నాళ్లూ అద్దం అరుగుతూనే ఉంటుంది. పాత అద్దం దొరకడం కన్నా ఛానెల్ దొరకడం చాలా సులువు.

కొనే ముందు కొలతలు

ఈ పనిలో ఎక్కువ పొరపాట్లు పానా పట్టుకోకముందే జరిగిపోతాయి. కారు పేరూ ఏడాదీ చెప్పి ఛానెల్ తెప్పించుకుంటే సరిపోతుందనుకుంటాం. కానీ ఇన్నేళ్లలో ఎవరో ఒకరు ఒక తలుపు అద్దం మార్చి ఉండొచ్చు. మొదట్లో పావు అంగుళం, అంటే దాదాపు 6 మిల్లీమీటర్ల అద్దం ఉన్న చోట ఇప్పుడు 5 ఉండొచ్చు, 4 కూడా ఉండొచ్చు. ఒక్క మిల్లీమీటరు తేడా చాలు, కొత్త ఛానెల్‌లో కూడా అద్దం ఊగుతుంది, లేదా అసలు దూరదు. కాబట్టి ప్రతి తలుపు అద్దాన్నీ విడివిడిగా వెర్నియర్‌తో (మందం కచ్చితంగా కొలిచే పనిముట్టు) కొలవండి. అంచు దగ్గర ఒకచోట కాదు, మూడు చోట్ల.

తర్వాత పాత ఛానెల్ కొలతలు: బయటి వెడల్పు, లోతు, లోపలి సందు. తుప్పుకి ఉబ్బిన చోట కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. పై అడ్డం భాగం సాధారణంగా బాగుంటుంది, నీరు కిందికి దిగిపోతుంది కాబట్టి. అక్కడ కొలవండి. పొడవు కోసం ఒక దారాన్ని గాడి వెంట మూలలతో సహా పరిచి కొలిచి, దానికి ఇంకో 10 సెంటీమీటర్లు కలుపుకోండి. తలుపు లోపలికి దిగిపోయే కింది కొసలు బయటికి కనబడవు. వాటిని లెక్కలో మరిచిపోయి తక్కువ పొడవు కొనేవాళ్లు చాలామంది.

ఛానెల్‌లో ప్రధానంగా మూడు రకాలు. రేకు వెన్నున్న గట్టి రకం నిటారు భాగాలకు బాగుంటుంది, మూల దగ్గర వంగదు. వంగే రకంలో రేకు ముక్కలుగానో తీగలాగానో లోపల దాగి ఉంటుంది కాబట్టి మూలల్లో తిప్పుకోవచ్చు. కొన్నిటికి బయటి అంచున మెరిసే స్టీలు పట్టీ కూడా ఉంటుంది. మూడోది నూగు అంటించిన రబ్బరు ఛానెల్, కాస్త తర్వాతి కాలపు కార్లలో వచ్చింది. మీ కారులో ఏది ఉండేదో అదే వేయమని నా సలహా. రబ్బరు తేలిగ్గా వంగుతుందని గట్టి రకం ఉన్న చోట దాన్ని దూర్చేవాళ్లున్నారు. తలుపు లోపల, ఫ్రేము ఆసరా లేని కింది భాగంలో అద్దాన్ని పట్టి ఉంచే బలం రబ్బరుకి ఉండదు.

పొడవంతా తెప్పించుకునే ముందు వీలైతే చిన్న నమూనా ముక్క తెప్పించుకోండి. దాన్ని అద్దం అంచుకి తొడిగి వదిలితే తన బరువుకి తాను జారిపోకూడదు. రెండు వేళ్లతో తోస్తే మాత్రం సాఫీగా కదలాలి. ఏ కొలతల పట్టిక కన్నా నేను ఈ పరీక్షనే నమ్ముతాను.

అద్దం తలుపులోకి దిగే చోట లోపలా బయటా రెండు వెదర్ స్ట్రిప్‌లుంటాయి. అద్దం మీది నీటిని తుడిచేవి అవే. వాటినీ ఇప్పుడే మార్చండి. ఇవి అరిగిపోయి ఉంటే కొత్త ఛానెల్ వేసినా గలగల పూర్తిగా పోదు, దానికోసం తలుపు మళ్లీ విప్పాలి.

తలుపు విప్పడం

కరెంటు విండోలైతే ముందు బ్యాటరీ వైరు తీసేయండి. ప్రతి మెట్టులో ఫోటో తీసుకోండి. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. తలుపు లోపలి రేకు అంచులు బ్లేడులా ఉంటాయి.

విండో హ్యాండిల్ కొన్నిట్లో మధ్యలో ఒక్క స్క్రూతో ఉంటుంది. కొన్నిట్లో హ్యాండిల్ వెనక గుర్రపు నాడా ఆకారంలో స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది. హ్యాండిల్‌కీ డోర్ ప్యాడ్‌కీ (తలుపు లోపలి వైపుని కప్పే అట్ట) మధ్య ఒక నూలు గుడ్డ దూర్చి అటూ ఇటూ లాగితే క్లిప్ బయటికి వస్తుంది. ఎగిరి పోకుండా రెండో చేయి అడ్డం పెట్టండి. ఇంకొన్నిట్లో అడ్డంగా ఒక పిన్ను ఉంటుంది, దాన్ని పక్క నుంచి తట్టి తీయాలి.

పాత డోర్ ప్యాడ్ అట్ట పెళుసుగా ఉంటుంది. ఎక్కడ పడితే అక్కడ పట్టుకుని లాగితే క్లిప్ తలుపుకే ఉండిపోయి అట్ట చిరుగుతుంది. ప్రతి క్లిప్ ఎక్కడుందో వేలితో తడిమి, సరిగ్గా దాని పక్కనే చదునైన పనిముట్టు దూర్చి లేపండి. దాని వెనక ప్లాస్టిక్ కాగితమో మైనపు కాగితమో ఉంటుంది. పనికిరానిదనుకుని పారేయకండి. అద్దం వెంట కారిన నీరు తలుపు లోపలికి వెళ్లి, అడుగున ఉన్న కన్నాల గుండా బయటికి పోవాలి. ఆ నీరు డోర్ ప్యాడ్‌ని తాకకుండా ఆపేది ఈ కాగితమే. చిరిగి ఉంటే కొత్త ప్లాస్టిక్ షీటు కత్తిరించుకోవడానికి కొలతగా దాచండి.

అద్దం బయటికి తీయాలా అని అడుగుతారు. కొన్ని కార్లలో అద్దాన్ని అడుగుదాకా దించేసి పై ఛానెల్ మార్చొచ్చు. కానీ బాగా కుళ్లేది కింది కొసలే, అవి తలుపు లోపల ఉంటాయి. అద్దం తీసేయడమే మంచిదని నా అభిప్రాయం.

మెషిన్ చేతులు అద్దం కింది పట్టీని పట్టుకున్న చోటు తలుపు కన్నంలోంచి కనబడేలా, హ్యాండిల్ కాసేపు తొడిగి, కరెంటు విండో అయితే బ్యాటరీ వైరు కాసేపు తగిలించి, అద్దాన్ని నడపండి. అక్కడ ఆపి, ఫ్రేము పై నుంచి రెండు వైపులా గట్టి టేపు వేసి అద్దాన్ని వేలాడగట్టండి. అప్పుడు స్క్రూలు తీసి, రోలర్లని పట్టీలోంచి పక్కకి జరపండి. ఇంకొకరు అద్దం పట్టుకుని ఉంటే టెన్షన్ ఉండదు. పాత బీటిల్, ఎంజీబీ లాంటి కార్లలో ముందు చిన్న త్రికోణపు అద్దం ఉండి, దాని వెనక నిలువు కమ్మీయే పెద్ద అద్దానికి ముందు గాడిగా పనిచేస్తుంది. అలాంటి చోట ఆ కమ్మీ కింది బోల్టు వదులు చేస్తేనే అద్దం ఒరిగి బయటికి రావడానికి చోటు దొరుకుతుంది.

అద్దం ఏ రకమో అంచు చూసి తెలుసుకోండి. అంచు మధ్యలో సన్నటి గీత కనిపిస్తే అది రెండు పొరల ల్యామినేటెడ్ అద్దం, మూలల్లో పాలలా తెల్లబారి ఉండొచ్చు. గీత లేకపోతే చాలావరకు టెంపర్డ్ అద్దమే. దీని అంచుకి గట్టి దెబ్బ తగిలితే మొత్తం ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలవుతుంది. ఏదైనా సరే, నేల మీద నేరుగా పెట్టకుండా మందపాటి దుప్పటి మీద ఆనించండి. అద్దం కింది పట్టీ కూడా ఇప్పుడే చూడండి. తుప్పు పట్టి అద్దం అందులో కదులుతుంటే, ఛానెల్ ఎంత మంచిది వేసినా అద్దం వంకరగానే ఎక్కుతుంది.

పాతదాన్ని తీయడం, గాడిని బాగు చేయడం

పాత ఛానెల్‌ని వీలైనంత వరకు ఒకే ముక్కగా తీయండి. కొత్తదాన్ని ఎక్కడ కోయాలో, ఎక్కడ వంచాలో, స్క్రూ కన్నం ఎక్కడ పడాలో చెప్పేది అదే. ఏది పైభాగం, ఏది ముందు వైపు అన్నది టేపు అంటించి రాసుకోండి. తుప్పు పట్టిన స్క్రూలకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచితే తలలు విరగవు. రివెట్లుంటే డ్రిల్లుతో తలలు తీసేయాలి.

ఖాళీ గాడి చూస్తే మనసు కష్టపెట్టుకోకండి, దాదాపు అన్నీ అలాగే ఉంటాయి. వైరు బ్రష్‌తో పొరలు రాల్చి, ఎమరీ పేపరుతో రుద్ది, తుప్పుని ఆపే ద్రావణం రాసి, ప్రైమర్, ఆపైన పెయింటు. పెయింటు పల్చగా ఉండాలి, మందంగా వేస్తే ఛానెల్ కూర్చోదు. ఒక రోజంతా ఆరనివ్వండి. పచ్చి పెయింటు మీద ఛానెల్ నొక్కితే రెండూ పాడవుతాయి. ఈలోపు తలుపు అడుగున నీళ్లు పోయే కన్నాలు తీగతో శుభ్రం చేసి, లోపల మైనపు తుప్పు నిరోధక స్ప్రే కొట్టండి. మెషిన్ పళ్ల మీద గట్టిపడ్డ పాత గ్రీజు తుడిచేసి కొత్త లిథియం గ్రీజు రాయడానికి కూడా ఇదే అదను.

కోయడం, వంచడం

పాత ముక్కనీ కొత్త ముక్కనీ పక్కపక్కన పెట్టి, కోయాల్సిన చోట చుట్టూ గట్టిగా మాస్కింగ్ టేపు వేయండి. టేపు మీదుగా కోస్తే ఫెల్ట్ పోగులు విడిపోవు. సన్న పళ్ల హ్యాక్సా బ్లేడు, అంగుళానికి 32 పళ్లది, వాడండి. ముతక బ్లేడు రేకుని చీల్చేస్తుంది. ఛానెల్ లోపల సరిగ్గా పట్టే చెక్క బద్ద దూర్చి కోస్తే పక్కలు లోపలికి నొక్కుకుపోవు. కోసిన అంచుని ఆకురాయితో నునుపు చేసి, రేకు కనిపించే చోట చుక్క పెయింటు పెట్టండి. తుప్పు మొదలయ్యేది అక్కడే. మొదట ఓ అర సెంటీమీటరు పొడుగ్గానే కోసుకుని, గాడిలో పెట్టి చూసి తగ్గించుకుంటూ రండి.

మూల దగ్గర నిదానం కావాలి. వంగే రకం ఛానెల్‌నైనా ఒక్కసారిగా మోకాలి మీద పెట్టి వంచితే లోపలి గోడలు ముడత పడి, సరిగ్గా అద్దం మూల వచ్చి ఆగే చోట సందు మూసుకుపోతుంది. చెక్క బద్ద, లేదా అద్దమంత మందం ఉన్న మెత్తని ప్లాస్టిక్ ముక్క లోపల ఉంచి, కొంచెం కొంచెంగా, వంపు మొదలయ్యే చోటు నుంచి ముగిసే చోటు దాకా బొటనవేళ్లతో నొక్కుతూ వంచండి. మూల మరీ పదునైనదైతే వంచడం కుదరదు. లోపలి వైపు రెండు గోడల్లోనూ వి ఆకారపు గాట్లు పెట్టి, వెన్ను మాత్రం కోయకుండా మడవాలి. గాటు అంచులు ఒకదానికొకటి ఆనాలే గానీ ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు.

బిగించడం

ముందు పొడిగా, జిగురు లేకుండా మొత్తం పెట్టి చూడండి. మూలలు కూర్చోబెట్టి, తర్వాత పై భాగం మధ్యలో నొక్కి, ఆపైన రెండు పక్కల నుంచీ కిందికి రండి. కింది నుంచి మొదలుపెడితే మిగిలిన పొడవంతా మూలలో గుమిగూడుతుంది. సుత్తితో నేరుగా కొట్టకండి, చెక్క ముక్క పెట్టి తట్టండి.

మొదట్లో క్లిప్‌లుంటే క్లిప్‌లతోనే, స్క్రూలుంటే స్క్రూలతోనే బిగించండి. స్క్రూ తల ఛానెల్ వెన్నులోకి దిగిపోయి, ఫెల్ట్ నూగు కన్నా లోపల ఉండాలి. ఈ మాట నేను అద్దం పోగొట్టుకుని నేర్చుకున్నాను. మొదటిసారి చేసినప్పుడు ఒక స్క్రూ తల అర మిల్లీమీటరు పైకి ఉండిపోయింది. వేలికి తగిలింది కూడా, ఫెల్ట్ ముడత అనుకున్నాను. అద్దం పెట్టి తిప్పితే పైకి రెండు అంగుళాలుందనగా ఆగింది. కొంచెం గట్టిగా తిప్పాను. కిర్రుమని సన్నటి చప్పుడు. దించి చూస్తే అద్దం అంచు నుంచి లోపలికి వెంట్రుకంత పగులు. ఇప్పుడు అద్దం పెట్టే ముందు గాడి మొత్తం వేలితో రెండుసార్లు తడుముతాను. ఏదైనా తగిలితే విప్పి చూశాకే ముందుకెళ్తాను.

జిగురుతో అంటించే రకమైతే తడికి తట్టుకునే కాంటాక్ట్ జిగురు, అదీ వెన్ను మీద మాత్రమే, పల్చటి గీతలా. పొర్లిన జిగురు ఫెల్ట్‌లోకి వెళితే ఆ చోటు ఎండాక గట్టిపడిపోతుంది, మళ్లీ మెత్తబడదు.

గాడి కింది కొసల్ని తలుపు లోపల పట్టి ఉంచే బ్రాకెట్ల బోల్టులు మాత్రం ఇప్పుడు బిగించొద్దు. చేత్తో తిప్పి వదిలేయండి.

గాడిని అద్దమే సరిచేస్తుంది

అద్దం తిరిగి పెట్టి, మెషిన్‌కి తగిలించి, పూర్తిగా పైకి ఎక్కించండి. అద్దం పై అంచు మొత్తం ఛానెల్‌లోకి ఒకేసారి దూరాలి. ముందు మూల ముందే తాకి వెనక మూల వెనకబడితే అద్దం ఒరిగి ఉందన్నమాట. కింది పట్టీ స్క్రూల దగ్గర సరిచేయండి. అద్దం పైన కుదురుకున్నాకే కింది బ్రాకెట్లు బిగించాలి. అద్దం పైన ఉండగా దానికి ఎక్కడ ఉంటే సుఖమో గాడి కూడా అక్కడికే వస్తుంది. ముందే బిగించేస్తే, మనం ఊహించిన గీతలో నడవమని అద్దాన్ని బలవంతపెట్టినట్టు అవుతుంది.

ఇప్పుడు దించండి. పైన తేలిగ్గా ఉండి కిందికి వచ్చేకొద్దీ బిగిస్తుంటే రెండు పక్కల గాళ్లు కింద దగ్గరయ్యాయని అర్థం. బ్రాకెట్‌ని కొద్దిగా బయటికి జరపండి. కిందికొచ్చేకొద్దీ ఊగుతుంటే లోపలికి. అద్దాన్ని సగంలో ఆపి రెండు చేతులతో ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. పట్టుకున్నట్టు ఉండాలి, నొక్కేసినట్టు ఉండకూడదు. ఒక తలుపుకి నాకు ఈ సర్దుబాటుకే గంట పడుతుంది. తొందరపడాల్సిన చోటు ఇది కాదు.

కొత్త ఫెల్ట్ మొదట్లో కాస్త బిగువుగానే ఉంటుంది. ఇరవై సార్లు పైకీ కిందికీ నడిపితే నూగు అద్దానికి అలవాటు పడుతుంది. ఇంకా కష్టంగా ఉంటే డ్రై సిలికాన్ స్ప్రే పల్చగా కొట్టండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్, తుప్పు వదిలించే నూనె స్ప్రేలు ఫెల్ట్ దగ్గరికి రానివ్వకండి. ఆ రోజుకి హాయిగా జారుతుంది, తర్వాత దుమ్మంతా దానికే అంటుకుని గీతలు మొదలవుతాయి.

నీళ్ల పరీక్ష

డోర్ ప్యాడ్ పెట్టకముందే చేయండి. ప్లాస్టిక్ షీటు కూడా ఇంకా అంటించొద్దు, నీరు ఎటు కారుతోందో కనబడాలి. అద్దం పూర్తిగా ఎక్కించి, పైపు నీటిని వేగం తగ్గించి, కింద వెదర్ స్ట్రిప్ దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లండి. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ కారినా అంతా తడిసి చోటు తెలియదు. లోపల టార్చి పట్టుకుని ఒకరు కూర్చుంటే మంచిది. తలుపు లోపల నీరు కారి అడుగు కన్నాల్లోంచి బయటికి వస్తే అంతా సవ్యంగానే ఉంది. మూల దగ్గర లోపలి వైపుకి చుక్కలు వస్తుంటే వంపు సరిగ్గా కూర్చోలేదు. ఆ మూల ఒక్కటీ తీసి మళ్లీ నొక్కి పెడితే చాలావరకు ఆగిపోతుంది. సీలెంట్ పూసి కప్పేయకండి. తర్వాత ఎవరు విప్పినా ఆ ఛానెల్ మళ్లీ పనికిరాదు.

తలుపు లోపల పూర్తిగా ఆరాక ప్లాస్టిక్ షీటు అంటించండి. దాని కింది అంచు తలుపు రేకు సందులోంచి లోపలికి వెళ్లాలి, బయట వేలాడకూడదు. ఆ తర్వాత డోర్ ప్యాడ్, ఆఖరున హ్యాండిల్. అద్దం పూర్తిగా పైకి ఉండగా, అవతలి తలుపు హ్యాండిల్ ఏ దిక్కుకి ఉందో చూసి దానికి జతగా ఇదీ తొడగండి. ఓ వారం నడిపాక అద్దం సగం దించి తలుపు వేసి వినండి. మళ్లీ గలగల వినిపిస్తే కింది బ్రాకెట్ బోల్టులు ఇంకొక్క చుట్టు అడుగుతున్నాయని అర్థం.